దుర్గేష్ పెరటి కోర్టు దిగిన సంగతి

మల్కాజ్‌గిరిలో దుర్గేష్ ఇంట్లో గడ్డపార చెప్పుల స్టాండు పక్కనే ఆనించి ఉంటుంది. వేరే ఇళ్ళల్లో గొడుగు పెట్టుకునే చోటది. పొద్దున పాల పాకెట్ల కోసం దుర్గేష్ గేటు దాకా వెళ్తాడు. పక్కవీధి ఆయన ఎదురై, మొన్న మా గృహప్రవేశానికి రాలేదేమండీ అంటాడు. మర్చిపోయాననలేక ఊళ్ళో లేనంటాడు దుర్గేష్. ఆ మాట పూర్తయ్యేలోపే గేటు పక్క మట్టిలోకి మడమల దాకా దిగిపోతాడు. శ్రీలలిత స్టవ్వు సిమ్‌లో పెట్టి వచ్చి, గడ్డపారతో మొగుడి కాళ్ళ చుట్టూ మట్టి కదిపి, రెక్క పట్టుకుని పైకి లాగి, ఉప్మా అడుగంటకముందే లోపలికి వెళ్ళిపోతుంది. ఆ కాసేపూ పాల పాకెట్లు పక్కవీధి ఆయన పట్టుకుంటాడు.

ఆ వంశంలో అంతే. సిగ్గుపడితే నేలలోకి దిగుతారు. చిన్న సిగ్గుకి మడమలు, కాస్త పెద్దదానికి చీలమండలు. దుర్గేష్ తండ్రి తాతారావు గారైతే కాకినాడలో చెల్లెలి పెళ్ళినాడు మగపెళ్ళివారి బంతిలో పులిహోర అయిపోయేసరికి పందిరి గుంజ పక్కనే తొడల దాకా దిగిపోయారు. మగపెళ్ళివారే తలో చెయ్యీ వేసి తీశారు. రాతినేల మీద మాత్రం ఈ బాధ లేదు. రాయి దిగనివ్వదు, అరికాళ్ళు కాసేపు మండి ఊరుకుంటాయి. అందుకే తాతారావు గారికి సికిందరాబాదులో మొట్టమొదట నచ్చినవి షాబాద్ బండలు. ఇంట్లో అవే పరిపించారు, జనరల్ బజార్‌లో పెట్టిన స్టీలు సామాన్ల కొట్లోనూ అవే. వ్యాపారం చేసుకునేవాడికి గట్టి నేల ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

పెరడు ఒక్కటీ మట్టిగా మిగిలిపోయింది. కరివేపాకు చెట్టూ బట్టల తీగా ఉండాలని శ్రీలలిత పట్టుబట్టింది. ఇన్నేళ్ళలో ఆ పెరడంతా గుంటలు పడింది. ఏ గుంట ఏ సిగ్గుదో శ్రీలలితకి గుర్తే. బట్టలారేసేటప్పుడు వాటిని తప్పించుకుంటూ నడుస్తుంది.

వాళ్ళకి సింధూర ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఆ వంశంలో ఆడపిల్లలు దిగడం అంతకుముందు లేదు. ఈ పిల్ల మాత్రం ఎల్‌కేజీలో పద్యం మర్చిపోయిన రోజునే స్కూలు ఆవరణలో బూట్లతో సహా దిగింది. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే పాట. మెల్లగా నడువు, బరువంతా వెయ్యకు, కాలు తేలిగ్గా పెట్టు. పిల్ల అలాగే నేర్చుకుంది. క్రికెట్లో ఫాస్ట్ బౌలింగ్ వేసేటప్పుడు కూడా, అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, ఆఖరి అడుగు తడిగుడ్డ పెట్టిన గదిలో వేసినట్టు వేసేది. చేతిలో వేగం ఉంది. కాలు నిలవక బంతి పక్కకి పోయేది.

దుర్గేష్ ఆమె ఆట ఎప్పుడూ కార్లో కూర్చునే చూసేవాడు. గ్రౌండంతా మట్టి కదా.

ఆ శనివారం స్కూళ్ళ మ్యాచ్‌కి మాత్రం కారు దిగాడు. సింధూరతో ఆడే పిల్ల తండ్రి సుబ్బరాజు, భీమవరం ఆయన, బేగంపేటలో ఆఫీసు ఉంది. ఆయన బౌండరీ దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపితే వెళ్ళక తప్పలేదు. అప్పుడు సింధూర ఓవర్ నడుస్తోంది. అంపైర్ చాపిన చేతులు దించడమే లేదు. వైడ్ మీద వైడ్. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో, ఈ పిల్ల ఓవర్ అయ్యేసరికి మనం భోంచేసి రావచ్చు అన్నారు.

సుబ్బరాజు కూడా నవ్వి, "మీ అమ్మాయేదండీ దుర్గేష్ గారూ?" అని అడిగాడు.

"ఇవాళ రాలేదండీ. జ్వరం."

అంతే. మోకాళ్ళ దాకా దిగిపోయాడు. ఇన్నేళ్ళలో అంత లోతు ఎప్పుడూ లేదు. సుబ్బరాజు రెక్క పట్టుకుని లాగితే రాలేదు. పిచ్‌కి నీళ్ళు కొట్టే వాళ్ళు ఆట ఆపించి, గడ్డపార తెచ్చి తవ్వారు. తవ్వుతున్నంతసేపూ దుర్గేష్ తల వంచుకునే ఉన్నాడు. చివరికి తలెత్తి చూస్తే పిచ్ దగ్గర సింధూర తనవైపే చూస్తోంది. ఆమె కూడా చీలమండల దాకా దిగి ఉంది. వైడ్లకి సిగ్గుపడింది పాపం అనుకున్నారందరూ. తండ్రీకూతుళ్ళ పుణ్యమా అని ఆ మ్యాచ్ ఆలస్యంగా ముగిసింది.

ఇంటికి రాగానే సింధూర కిట్ బ్యాగు అటక మీద పడేసింది. మర్నాడూ తియ్యలేదు, ఆ మర్నాడూ తియ్యలేదు. వానలు వెనకబట్టాక బొల్లారం గ్రౌండ్‌లో జిల్లా జట్టు కోసం సెలక్షన్లున్నాయి. రెండేళ్ళుగా ఆ పిల్ల వాటి గురించే కలలు కంటోంది. ఇప్పుడు ఆ మాటెత్తితే లేచి గదిలోకి వెళ్ళిపోతోంది. తండ్రితో మాత్రం మామూలుగానే మాట్లాడేది. నాన్నా అమ్మ అన్నం పెట్టేసింది, నాన్నా ఫోనొచ్చింది. ఆ మామూలుతనమే దుర్గేష్‌కి ముద్ద దిగనివ్వలేదు. కూతురు తిట్టినా బాగుండేదనిపించింది.

"ఒక్క మాట చెప్పండి దానికి," అంది శ్రీలలిత.

"చెప్తానే. ముందు ఒకటి ఆలోచించాను, అది అవనీ."

ఆలోచించింది ఏమిటంటే, పెరట్లో కోర్టు. మనిషి నోటితో చెప్పాల్సినదాన్ని కంకరతో, సిమెంటుతో చెప్పొచ్చని వ్యాపారస్తులకి ఒక నమ్మకం. బౌలింగ్ వెయ్యడానికి సరిపడా పొడవు, చుట్టూ వల, మీద టర్ఫ్ అనే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, అడుగున ఎవరు నిలబడ్డా దిగని గట్టి నేల. అది చూస్తే సింధూర బ్యాగు తనే దింపుతుంది. తనకీ పెరట్లో కాలు పెట్టే ధైర్యం వస్తుంది. ఆ ఆలోచన వచ్చిన రాత్రి దుర్గేష్ చాలా రోజుల తర్వాత నిద్రపోయాడు.

టర్ఫ్ వేసే కంపెనీ నుంచి రాహుల్ అని ఒకతను టై కట్టుకుని వచ్చాడు. పెరడు చూసి, "ఈ గుంటలేంటి సార్? పందికొక్కులా?" అన్నాడు.

"కాదు, నేనే."

"ఓకే సార్," అని ఫోన్లో ఏదో కొట్టుకున్నాడు రాహుల్. "అయితే కంకర మందం పెంచుదాం. పైన కాంక్రీట్ కూడా వేద్దాం. మామూలుగా టర్ఫ్ కింద అంత అవసరం లేదు కానీ, మీ కేసు వేరు కదా. ఏనుగు నడిచినా దిగదు సార్."

పని మొదలైంది. కరివేపాకు చెట్టు కుండీలోకి మారింది, బట్టల తీగ మేడ మీదికెక్కింది. పైమట్టి ఎత్తిపోసి, కంకర పరిచి, రోలర్ తిప్పి, దానిమీద రాతిపొడి, దానిమీద కాంక్రీటు. ఆ తర్వాత గడ్డి చుట్టలు వచ్చాయి. తివాచీల్లాగా దొర్లించి పరిచారు. గడ్డి పోచలన్నీ ఒకేవైపు వాలి ఉండేలా చూసుకుని అతుకులు జిగురుతో అంటించారు. పోచల మధ్య సన్నటి ఇసుక చల్లి బ్రష్షుతో ఊడ్చారు. సింధూర స్కూలు నుంచి వచ్చి వంటింటి కిటికీలోంచి ఒకసారి చూసేది, హోంవర్క్ చేసుకోవడానికి వెళ్ళిపోయేది.

గోడ అవతల ఇల్లు కమలాబాయిది. దుర్గేష్ వాళ్ళు రాకముందు నుంచీ అక్కడున్న మనిషి, మొగుడు రైల్వేలో చేసి పోయాడు. శ్రీలలిత ఇంట్లో లేనప్పుడు దుర్గేష్‌ని తవ్వి తీసేది ఆవిడే. గోడ మీద మోచేతులు పెట్టుకుని పనంతా చూసింది.

"ఏంది సారూ, గింత మంచి మన్ను తీసి కంకర పోపిస్తున్నవ్?"

"ఇంక దిగే పని లేదు కమలాబాయి గారూ. మీకూ శ్రమ తప్పుతుంది."

"నువ్వు దిగకుంటే గా సిగ్గు యాడికి పోతది మరి?"

దుర్గేష్ రోలర్ చప్పుడులో వినపడనట్టు కంకర కుప్ప వైపు నడిచాడు.

ఆదివారం కోర్టు ప్రారంభం పెట్టుకున్నారు. జనరల్ బజార్ కొట్ల వాళ్ళంతా కుటుంబాలతో వచ్చారు. గుమ్మడికాయ టర్ఫ్ మీద కొట్టొద్దు సార్, కుంకం మరక పోదు అని రాహుల్ ముందే బతిమాలుకున్నాడు. అందుకని శ్రీలలిత దాన్ని గేటు దగ్గరే కొట్టింది. ఇడ్లీలు, మైసూరుబజ్జీలు ఆకుపచ్చ గడ్డి మీదే వడ్డించారు. గడ్డి మెత్తగా ఉందని ఆడవాళ్ళు చెప్పులు విప్పి తిరిగారు. సింధూర వచ్చినవాళ్ళకి కాఫీలందించి కిటికీ దగ్గరికి చేరింది. కోర్టు మీద మాత్రం అడుగు పెట్టలేదు.

అందరూ రెండు మాటలు చెప్పమంటే దుర్గేష్ లేచాడు. కింద కాంక్రీటు ఉందన్న ధైర్యం కాస్త ఎక్కువే అయింది.

"మా అమ్మాయి చేతిలో దేవుడు పెట్టిన వేగం ఉంది. నేను తన మ్యాచ్ ఒక్కటీ వదలను. ఎండైనా వానైనా బౌండరీ దగ్గర నిలబడి, అదిగో నా కూతురు అని పదిమందికీ చెప్పుకుంటాను."

మాట అంటూనే కిటికీ వైపు చూశాడు. సింధూర తల దించుకుంది. దుర్గేష్ అరికాళ్ళు భగ్గుమన్నాయి. కాళ్ళు దిగలేదు, కాంక్రీటు దిగనివ్వలేదు. కానీ కోర్టు దిగింది. గడ్డీ, వలా, ఇనప స్తంభాలూ, ప్లేట్లు పట్టుకున్న జనంతో సహా మొత్తం కోర్టు లిఫ్టులాగా మెత్తగా జానెడు లోతుకి వెళ్ళి ఆగింది. ఒక్క కాఫీ కూడా ఒలకలేదు.

"కొత్త పని కదా, సర్దుకుంటుంది," అన్నాడు ఇత్తడి సామాన్లాయన, ఇంకో బజ్జీ తీసుకుంటూ. వచ్చినవాళ్ళు తినేసి, తాంబూలాలు తీసుకుని, గట్టు ఎక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు రాహుల్‌కి ఫోన్ చేస్తే, "సెటిల్‌మెంట్ సార్, నేల కాస్త కుంగుతుంది, కామన్. కాకపోతే ఇది వారంటీలో రాదు," అన్నాడు.

ఆ తర్వాత నుంచి దుర్గేష్ కొట్టు కట్టేసి వచ్చి రోజూ సాయంత్రం కోర్టులోకి దిగేవాడు. పిల్ల రాకపోతే పోయె, తనైనా నాలుగు బంతులు వేస్తే చూసి వస్తుందేమో అని. ఒక స్టంపు పెట్టుకుని, లావుపాటి చేత్తో బంతి విసరడం, వలలోంచి తెచ్చుకోవడం, మళ్ళీ విసరడం. ఆ బంతి పట్టుకున్నప్పుడల్లా జ్వరం అన్న మాట గుర్తొచ్చేది. కోర్టు ఇంకొంచెం దిగేది. మొదట గట్టు మోకాళ్ళెత్తు, తర్వాత నడుమెత్తు. శ్రీలలిత మేడ మీది చెక్క నిచ్చెన తెచ్చి వేసింది. చీకటి పడేసరికి అన్నానికి రండి అని పైనుంచి పిలిచేది, అంతకంటే ఏమీ అనేది కాదు.

ఒక సాయంత్రం కమలాబాయి గోడ మీంచి వంగి చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సింధూర కనపడింది.

"ఓ పిల్లా. మొన్నటిదాన్క మీ నాయిన తలకాయ కనవడుతుండె. ఇయ్యాల అది సుత కనవడ్తలేదు. జెర పోయి చూడు."

సింధూర కోర్టు అంచు దాకా వచ్చింది. కింద పచ్చటి గుంటలో తండ్రి చొక్కా తడిసి నిలబడి ఉన్నాడు. ఆ లోతు చూసి భయమేసింది ఆ పిల్లకి. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోయినా, నాన్న ఎంత సిగ్గుపడుతున్నాడో కొలిచి చూపించినట్టు కళ్ళెదురుగా ఉంది.

"పైకి రా నాన్నా."

దుర్గేష్ తలెత్తాడు. ఇన్నాళ్ళూ ఎలా మొదలుపెట్టాలా అని నలిగిపోయినవాడికి, మాట తనంతట తనే వచ్చేసింది.

"ఆ రోజు సుబ్బరాజు గారు అడిగితే నువ్వు రాలేదన్నాను సింధూ. జ్వరమన్నాను. నువ్వు అక్కడే బౌలింగ్ వేస్తున్నావు. అందరూ నవ్వుతుంటే, ఆ పిల్ల నా కూతురని చెప్పడానికి సిగ్గేసింది. తండ్రిననిపించుకోవడానికి తగను నేను."

కోర్టు గబుక్కున ఇంకో మూరెడు దిగింది. నిచ్చెన పక్కకి జారితే సింధూర పట్టుకుని సరిచేసింది. ఆ తర్వాత ఒక్కో మెట్టూ దిగి, మొదటిసారిగా ఆ గడ్డి మీద కాలు పెట్టింది.

"నాకు తెలుసు. సుబ్బరాజు అంకుల్ వాళ్ళమ్మాయి మర్నాడే చెప్పింది."

"తెలిసే ఆట మానేశావా?"

సింధూర వల పట్టుకుని దాని ముళ్ళు లెక్కపెడుతున్నట్టు నిలబడింది.

"నేనెందుకు దిగాననుకున్నావు ఆ రోజు? వైడ్లకా? వైడ్లు నాకేం కొత్త? నిన్ను తవ్వుతుంటే మా టీమంతా నవ్వుతోంది. ఎవరే ఆ అంకుల్ అని పక్కనున్న అక్సా అడిగింది. తెలీదన్నాను."

దుర్గేష్ ఆమె దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"నువ్వు అప్పుడే తలెత్తి చూశావు. నాకు వినపడిపోయిందేమో అనుకున్నా. రోజూ నువ్వు అడుగుతావని చూశాను. నువ్వేమో కోర్టు కట్టించావు నాకు." ఏడుపు ఆపుకోలేకపోయింది. "బాల్ పట్టుకుంటే అదే గుర్తొస్తోంది నాన్నా. ఎలా ఆడను?"

ఈ మాటతో ఇద్దరి కిందా కోర్టు మళ్ళీ కదిలింది. దుర్గేష్ కూతురి భుజాలు పట్టుకున్నాడు. రెండు సిగ్గులు కలిశాయి కాబట్టి ఈసారి ఎక్కడికి పోతామో అని కళ్ళు మూసుకున్నాడు కూడా. నాలుగు వేళ్ళ లోతు వెళ్ళిందో లేదో, అడుగున ఠంగుమని చప్పుడయింది. కోర్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

కమలాబాయి గోడ మీంచే చెప్పింది. "బండ తాకింది సారూ. గీ మల్కాజ్‌గిరి అంత బండ మీదనే ఉన్నది. ఇగ దిగదు, దిగుదామన్నా జాగ లేదు."

దుర్గేష్ కాలితో తట్టి చూశాడు. నిజమే. సింధూర కూడా తట్టింది, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, తర్వాత రెండు కాళ్ళతో ఎగిరి దూకింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నేల మీద అంత బరువు వెయ్యడం అదే మొదలు. ముక్కు తుడుచుకుని తండ్రి చేతిలో బంతి లాక్కుంది.

"జరుగు నాన్నా. స్టంపు దగ్గర నిలబడకు."

పరిగెత్తుకొచ్చి, ఆఖరి అడుగు ధన్‌మని వేసింది. స్టంపు వలలోకి ఎగిరిపోయింది. శ్రీలలిత వంటింట్లోంచి ఆ చప్పుడు విని, చేతులు కడుక్కుని, నిచ్చెనెక్కి అటక మీది బ్యాగు దింపుదామని చూస్తే నిచ్చెన కోర్టులో ఉంది. స్టూలేసుకుని దింపింది.

బొల్లారం సెలక్షన్ల రోజున మబ్బులు విడిపోయి బాగా ఎండ కాసింది. గ్రౌండంతా రాత్రి వానకి మెత్తగా ఉంది. దుర్గేష్ కారు రోడ్డు మీదే ఆపి, తాళం జేబులో వేసుకుని, గడ్డి మీద నడుచుకుంటూ వెళ్ళి బౌండరీ దగ్గర నిలబడ్డాడు. సుబ్బరాజు అక్కడే ఉన్నాడు. నమస్కారాలయ్యాక దుర్గేష్ ఆగలేదు.

"ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ. వైడ్లు వేసిన పిల్లే మా అమ్మాయి."

చెప్తూ చెప్తూ మోకాళ్ళ దాకా దిగాడు.

"ఆ రోజే తెలిసిందండీ," అన్నాడు సుబ్బరాజు, తన రుమాలు తీసి ఇస్తూ. "జ్వరమన్నందుకు ఎవరూ అంత లోతు దిగరు కదా. మిమ్మల్ని మళ్ళీ అడగలేక నేనే ఊరుకున్నాను."

సింధూర వంతు వచ్చింది. మొదటి బంతి వైడే పడింది. వరసలో నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు. చెంపలు ఎర్రబడ్డాయి ఆ పిల్లకి. ఇక్కడ బండ లేదు, దిగుతానని తెలుసు. తెలిసే వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి, ఉన్న బరువంతా ముందుకాలి మీద వేసింది. చీలమండ దాకా మట్టిలో దిగింది కాలు. పాతిన గుంజలాగా అక్కడే నిలిచింది, వెంట్రుకవాసి కూడా జారలేదు. బంతి నేరుగా వెళ్ళి మధ్య స్టంపుని పడగొట్టింది. సింధూర కాలు పీక్కుని, మట్టి దులుపుకుని, మళ్ళీ తన గీత దగ్గరికి నడిచింది. ఆ తర్వాతి బంతికీ అంతే, ఇంకో గుంట, ఇంకో స్టంపు.

కోచ్ విజయేందర్ వచ్చి ఆ గుంటల దగ్గర వంగి చూశాడు.

"ఏం స్పైక్స్ వేస్తవమ్మా నువ్వు? మిగతా పిల్లలందరు గీ తడిల జారి పడుతున్నరు."

"స్పైక్స్ లేవు సార్."

"ఇట్లనే ఉండనీ, కొనకు. సోమవారం నుంచి క్యాంపుకి రా." ఆయన లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్ల నుంచి ఎవరొచ్చిండ్రు? జెర మాట్లాడాలె."

వరసలో పిల్లలప్పటికే ఆట చూడటం మానేసి బౌండరీ వైపు చూస్తున్నారు. అక్కడ ఒక మనిషి కాళ్ళు మట్టిలో ఉంటే, సుబ్బరాజు రెండు చేతులూ పట్టుకుని లాగుతున్నాడు. లాగుతున్నాయన కూడా జారి కూర్చుండిపోయాడు. పిల్లలంతా గొల్లుమన్నారు.

సింధూర చెయ్యి చాపి, అందరికీ వినపడేలా చెప్పింది.

"మా నాన్న వచ్చారు సార్. అదిగో, మోకాళ్ళ దాకా దిగి ఉన్నారే, ఆయన. ఇటు రాలేరు, మీరే వెళ్ళాలి."

విజయేందర్ టోపీ సర్దుకుని అటు నడిచాడు.